ఐదు నెలల మంచం

మా బాపు అన్నం తిని లేచేటప్పుడు చెయ్యి నేలకు ఆన్చేటోడు కాదు. కుడిచెయ్యి ఎంగిలిది, ఎడమచేతిల కంచం. మఠం వేసుకొని కూసున్నోడు జర ముందుకు ఒరిగి ఒక్క ఊపుల నిలబడేటోడు. కంచంల చెయ్యి కడిగిన నీళ్ళు కూడ తొణికేటియి కావు. పుట్టినసంది అట్లనే చూసిన కాబట్టి అందరు నాయనలు అట్లనే లేస్తరనుకున్న.

ఆయన పేరు ఏలియా. పెద్దపల్లి దిక్కు ఒక పల్లెల పుట్టిండు. మా తాత కాలంలనే మావాళ్ళు మిషను సంఘంల కలిసిన్రు గని కూలి బతుకు మాత్రం మారలే. బాపు పదేండ్లప్పటి నుంచి ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నడు. పెండ్లయినంక, పందొమ్మిది వందల యాభై ఏడుల, ఇద్దరు దోస్తులతోని గోదావరి దాటి మందమర్రికి వచ్చిండు. ఇక్కడ గనిని అందరు బాయి అంటరు. బాయిల కోల్‌ఫిల్లర్ పని దొరికింది. లోపల పేల్చిన బొగ్గును తట్టల కెత్తుకొని, నెత్తిన మోసి, పట్టాల మీది టబ్బులల్ల నింపాలె. ముప్పై ఏండ్లు అదే పని చేసిండు.

పేరు రాయించుకున్న నాడు క్లర్కు వయసెంతని అడిగిండట. బాపుకు తెల్వదు. మీరే చూసి రాయున్రి అన్నడట. క్లర్కు బాపు భుజాల దిక్కు చూసి ఇరవై అయిదని రాసుకున్నడు. అప్పటికి బాపుకు ముప్పై మూడు నిండినయని మా మేనత్త చెప్పేది. గట్ల బాపు కంపెనీ కాగితం మీద ఎనిమిదేండ్లు చిన్నోడయ్యిండు. మా ఇంట్ల ఇది నవ్వులాట. మా అవ్వ రిబ్కమ్మ, నాకన్న చిన్న పిలగాన్ని చేసుకున్న అని వాడకట్టుల చెప్పి నవ్వించేది.

మేము ఇద్దరం, అన్న తోమాసు, నేను. నడుమ ఇద్దరు దక్కలే. అన్న ఇంటర్ల రెండుసార్లు తప్పి, యూనియన్ ఆఫీసు ముంగట చాయ్ హోటల్ల కూసునేటోడు. అవ్వకు బీపీ వచ్చి కండ్లు తిరిగి పడుడు మొదలైనంక ఇంటి పని నా మీద పడ్డది. నేను ఎనిమిదితోని బడి మానేసిన.

ఎనభై ఆరు వానకాలంల ఒకనాడు బాపు లేచేటప్పుడు కంచం పక్కకు పెట్టిండు. ఎడమ అరచెయ్యి నేలకు ఆన్చి లేచి, మళ్ళ వంగి కంచం తీసుకున్నడు. నేను పొయ్యి కాడి నుంచి చూసిన. ఆ వారమంత చూసిన. కొన్నాళ్ళకు చెయ్యి నేల మీది నుంచి గోడ మీదికి పోయింది. చెయ్యి ఆనే జాగల సున్నం మాసి మరక పడ్డది. అది చూసినంక మిగిలినయి కూడ కనవడ్డయి. షిఫ్టు దిగి వచ్చే గుంపుల ముందుండేటోడు నడిమికి వచ్చిండు, తర్వాత ఎనుకకు పడ్డడు. ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పేటోడు ఇప్పుడు అరుగు మీద కూసోని విప్పుతుండు. చర్చిల ప్రభువు భోజన సంస్కారం తీసుకొని మోకాళ్ళ మీది నుంచి లేవడానికి ముంగటి కట్టె పట్టుకున్నడు.

అవ్వకు చెప్పిన. వయసు మీద పడదా, నువ్వు మీ బాపును చూసుడు బందువెట్టి పొయ్యి మీది పప్పు చూడు, మాడుతుంది అన్నది.

కాలనీ డిస్పెన్సరీల నర్మద సిస్టరని కరీంనగర్ ఆమె ఉండేది. అవ్వ గోలీల కోసం పోయినప్పుడు, గోలీలు చేతికిచ్చినా నేను కదలకపోయేసరికి ఏందని అడిగింది. చెప్పిన. గోడ మీది మరక కూడ చెప్పిన. నవ్వుతదనుకున్న, నవ్వలే. చేతిల పని పక్కకు పెట్టి నన్ను బల్ల మీద కూసోవెట్టింది.

బలం తగ్గుడు ముందుగాల తొడలల్ల మొదలైతదట. మనిషి తిరుగుతనే ఉంటడు, పని చేస్తనే ఉంటడు గనుక ఇంట్లోళ్ళకు తెల్వదట. చేతులు ఛాతీ మీద కట్టుకొని స్టూలు మీది నుంచి ఐదుసార్లు లేచి కూసోమను, నువ్వు గడియారం చూడు అన్నది. పదిహేను సెకండ్లు దాటితే కాళ్ళు తగ్గుతున్నట్టు. రోజు మూడు పూటలు పదిపదిసార్లు లేచి కూసోవాలె. గోడ పట్టుకొని మునివేళ్ళ మీద నిలబడాలె. గుడ్డు, పప్పు తినాలె.

"జల్ది దొరకవట్టినవు పిల్లా," అన్నది. "గిప్పుడైతే పోయిన బలం తిరిగొస్తది. మంచం వట్టినంక ఎవ్వలు తేలేరు."

అన్న చేతి గడియారం అడుక్కొని చూసిన. ఇరవై రెండు సెకండ్లు. ఐదోసారి బాపు స్టూలు అంచు పట్టుకున్నడు. పట్టుకొని, నేను చూసిన్నా లేదా అని నా దిక్కు చూసిండు. ఆనాడు సిగ్గుపడ్డడు గని తర్వాత దాన్ని ఆట చేసుకున్నడు. చర్చిల అయ్యగారు పాటకు లేపుతడు, వాక్యానికి కూసోవెడ్తడు, నువ్వు ఆయనకన్న ఎక్కువైనవు అని నవ్వుకుంట లేచేటోడు, కూసునేటోడు. షిఫ్టు నుంచి ఎంత అలిసి వచ్చినా ఒక్క పూట తప్పలే. నేను రోజు ఒక గుడ్డు ఉడకవెట్టిన. క్రిస్మస్ నాటికి పదమూడు సెకండ్లకు వచ్చిండు. పండుగ నాడు సంఘపోళ్ళతోని బంతిల తిని, కంచం చేతిల ఉండంగనే లేచిండు. ఎవ్వలు చూడలే. నేను చూసిన.

ఫిబ్రవరిల లక్ష్మీరాజం ఇంటికొచ్చిండు. ఒకప్పుడు బాపుతోని ఒకే షిఫ్టుల పని చేసినోడు. కంపెనీల ఏ కాగితం ఏ టేబుల్ మీదికి పోతదో ఆయనకు తెలిసినంత ఎవ్వలికి తెల్వదు. ఆయన చెప్పింది ఏందంటే, సర్వీసు మిగిలి ఉండంగనే మెడికల్ బోర్డు ఒక మనిషిని పనికి పనికిరాడని తేలిస్తే అతని కొడుక్కు నౌకరి ఇస్తరు. వయసు నిండి దిగిపోతే మెడల దండేసి పంపుతరు, కొడుక్కు ఏం రాదు. కాగితం మీద చిన్నోడైనందుకు బాపుకు ఇంకా సర్వీసు ఉన్నది. తోమాసుకు ఇరవై ఆరు నిండినయి, కొడుకు వయసు మీరినా నౌకరి ఇయ్యరు. ఇగ ఆలస్యం చేస్తే రెండూ చేజారుతయి.

తను బాగనే ఉన్నడని బాపు చెప్పిండు.

"బాగున్నవనే గద ఏలియన్నా బాధ," అన్నడు లక్ష్మీరాజం. "కుంటినడక నడిస్తె డాక్టర్లు నమ్మరు. గసొంటోళ్ళను రోజు పదిమందిని చూస్తరు. తొడ వట్టి చూస్తరు. నీయి ఎద్దు తొడలు. మల్ల బాయికే తోలుతరు."

తొడ కరగాలంటే పండాలె. కాళ్ళు నేల మీద పెట్టద్దు. గుడ్డు బందు. రెండు నెలలు చాలు. అవ్వ జర జంకింది. అప్పుడు లక్ష్మీరాజం ఎడ్ల సంగతి తీసిండు. ఎండకాలమంత ఎడ్లను కొట్టంల కట్టేస్తం, తొలకరికి నాగలి కడితే రెండు రోజులు తడబడి మల్ల పదునుకొస్తయి, మనిషి ఎద్దుకన్న తక్కువనా అన్నడు. మా కాలనీల అందరు ఎవుసం విడిచి వచ్చినోళ్ళే. ఆ మాట మా ఇంట్ల అందరికి నిజమే అనిపించింది. ఎడ్లకు, అరవై దాటిన మనిషికి తేడా ఎవ్వలు అడగలే. అవ్వకు గాని అన్నకు గాని బాపుకు అరవై మూడు అని ఆ పూట యాదికే రాలే. అందరి నోట్ల కాగితం మీది వయసే ఉన్నది.

నేను దర్వాజ ఎనుక నిలబడి ఉన్న. నర్మద సిస్టర్ మాట చెప్పాలనుకున్న. లోపల అన్న ముఖం చూసిన. ఆరేండ్లల్ల ఆ ముఖం అంత తేటగ ఎన్నడు చూడలే. చాయ్ గిలాసలు తీసుకొని లోపలికి పోయిన.

మరునాడే నడుము నొప్పని బాపు సిక్ పెట్టిండు. వచ్చిపోయేటోళ్ళకు కనవడాలని మంచం ముందటి అర్రల వేసినం. బాపుకు మూలుగుడు రాకపోయేది. ముప్పై ఏండ్లు తట్ట మోసినా ఒక్కనాడు అబ్బా అని ఎరుగడు. అవ్వ పక్కన కూసోని నేర్పేది, గట్ల గాదయ్యా, ఊపిరి వట్టి మెల్లగ విడువాలె అని. బాపు చేస్తే దగ్గినట్టు వచ్చేది. మొదటి వారం ఇంట్ల అందరం నవ్వినం. నేను కూడ నవ్విన.

దొడ్డికి పోవాలన్నా అన్న చంకల కింద పట్టి తీసుకపోయేటోడు. గుడ్డు అన్న కంచంలకు పోయింది. స్టూలు మంచం పక్కన మందు సీసాలకు పనికొచ్చింది.

రెండు నెలలకు బోర్డు పిలిచింది. డాక్టరు తొడ వట్టి చూసి, గట్టిగనే ఉన్నడు, మూడు నెలలైనంక తీసుకరాన్రి అన్నడట. లక్ష్మీరాజం మా మీద కోపం చేసిండు, ఇంట్ల దొంగతనంగ నడిపించిన్రా అని. ఎవ్వలు నడిపించలే. ఆ గట్టితనం క్రిస్మస్ నాటిది. అది నేను నింపింది. ఆ సంగతి ఎవ్వలికి చెప్పలే.

ఇంకో మూడు నెలలు అనంగనే నాకు భయం పట్టింది. ఆ అంగడి నాడు అవ్వ కూరగాయలకు పోంగనే తలుపు దగ్గరికేసి బాపును మంచం అంచుల కూసోవెట్టిన. చేతులు కట్టుకొని లెమ్మన్న. లేచిండు గని మోకాళ్ళు వణికినయి. మూడుసార్లకు చెమట పట్టింది. మూడు అంగళ్ళు గట్ల చేసినం. నాలుగో అంగడి నాడు నా చెయ్యి పక్కకు తోసిండు.

"నన్ను లేపకు బిడ్డా. నా కాళ్ళే మీ అన్న నౌకరికి అడ్డమున్నయి."

మంచం వట్టినంక బలం తిరిగి రాదని సిస్టర్ చెప్పిందని నేనన్న. ఆయన విన్నడు, కొట్టిపారెయ్యలే. ఆమె చెప్పింది అబద్ధం కాదు, కాని మొదలువెట్టినంక నడుమ ఆపితె నౌకరి పోతది, కాళ్ళు పోతయి, ఏది దక్కదు అన్నడు. కాగితం చేతికి రాని, తెల్లారి నుంచి నువ్వు ఎన్నిసార్లు లెమ్మంటె అన్నిసార్లు లేస్త అన్నడు.

నేను లేపుతున్న సంగతి పక్కింటోళ్ళు కిటికీల నుంచి చూసి అవ్వకు చెప్పిన్రు. అన్న బతుకుల మన్ను పోస్తున్నవానె, పెండ్లి చేసుకొని పోయేదానివి నీకేం అన్నది అవ్వ. రెండు రోజులు నాతోని మాట్లాడలే. నర్మద సిస్టర్ దగ్గరికి పోదామంటే ఆమె కంపెనీ డిస్పెన్సరీ మనిషి. ఆమెకు చెప్పుడంటే బోర్డుకు చెప్పుడే. అవ్వ గోలీలకు అన్నను పంపిన. బజార్ల ఆమె ఎదురైతే పక్క గల్లిల నుంచి పోయేదాన్ని.

నాలుగో నెలల బాపుకు ఒళ్ళు తుడుస్తుంటే చూసిన. మోకాలి మీది తొడ నా రెండు చేతుల నడుమ ఇమిడింది. తోలు సంచి లెక్క జారుతుంది. పక్కకు ఒత్తిగిల్లాలన్నా మంచం పట్టె పట్టుకుంటుండు. పొద్దంత నిద్రనే. ఆకలి లేదు, ముచ్చట లేదు. మూలుగుడు ఎవ్వలు నేర్పకుండనే వచ్చింది. ఇప్పుడు మంచిగ చేస్తున్నవని అవ్వ మెచ్చుకున్నది.

జులైల మళ్ళ బోర్డు. జీపుల పెద్దాసుపత్రికి తీసుకపోయినం. అన్నం గిన్నె పట్టుకొని నేను కూడ పోయిన. బాపును లోపల బెంచీ మీద కూసోవెట్టిన్రు. లక్ష్మీరాజం, నేను తెరిచిన తలుపు కాడ నిలబడ్డం. డాక్టరు లేచి నిలబడు అన్నడు.

బాపు ఊకె కూసుంటే చాలు. లేవ చాతకాదు సార్ అంటే చాలు, లక్ష్మీరాజం ఆ మాటే జీపుల పదిసార్లు చెప్పిచ్చిండు. బాపు ఆ మాట అనలే. రెండు చేతులు బెంచీకి ఆన్చి ఒత్తిండు. భుజాలు లేచినయి, నడుము లేవలే. మళ్ళ ఒత్తిండు. మెడ నరాలు ఉబ్బినయి. పండ్లు బిగబట్టిండు. నౌకరి సంగతి ఆ గడియల ఆయనకు గుర్తు లేదు. నిజంగ లేవాలనే చూస్తుండు.

"మస్తు చేస్తుండు మీ బాపు," అన్నడు లక్ష్మీరాజం నా చెవుల.

బాపు చేతులు వదిలిపెట్టి తలుపు దిక్కు చూసిండు. నన్నే చూసిండు. డాక్టరు ఏదో రాసుకున్నడు.

ఆగస్టుల అన్నకు నౌకరి కాగితం వచ్చింది. చర్చిల అయ్యగారు కృతజ్ఞత ప్రార్థన చేసిండు. కాలనీల లడ్డూలు పంచినం. అన్న కొత్త బూట్లు తొడుక్కొని మంచం ముంగట నిలబడి, బాపూ డాక్టర్లు పోయిన్రు, ఇగ లే అన్నడు. బాపు కూడ నవ్వబోయిండు.

తెల్లారి నేను అడగకముందే ఆయనే అన్నడు, లేపు బిడ్డా అని. మాట ఇచ్చిండు గద. కాళ్ళు కిందికి దించిన. చంకల కింద చేతులు పెట్టి లేపిన. మోకాళ్ళు వంగినయి వంగినట్టే ఉండి నా మీదికి ఒరిగిండు. ముప్పై ఏండ్లు బొగ్గు మోసిన మనిషి తట్టెడు బరువు లేడు. అన్న వచ్చి పట్టిండు. ఇద్దరం నిలబెడితే నిలబడ్డడు, వదిలితే కూలబడ్డడు. పది రోజులు గట్లనే. అవ్వ మొదట పండే అలవాటు పోలేదన్నది, తర్వాత మొండితనమన్నది, తర్వాత ఏమీ అనకుండ ఆయన కాళ్ళకు నూనె రాసుకుంట కూసునేది.

నౌకరి కాగితం వచ్చింది కాబట్టి ఇగ దాచేది లేదని నేనే పోయి నర్మద సిస్టరును పిలుచుకొచ్చిన. ఆమె దుప్పటి తీసి పిక్క వట్టి చూసింది, మడిమెలు చూసింది. ఎన్ని నెలల నుంచి పన్నడని అడిగింది. ఐదు నెలలు దాటినయని నేను చెప్పిన. ఏం రోగమొచ్చి అన్నది. ఎవ్వలం చెప్పలే. గోడకు తగిలేసిన అన్న కొత్త డ్యూటీ బట్టలు చూసింది. ఆమెకు అర్థమైంది.

"నీకు చెప్పిన గద పిల్లా," అన్నది. అవ్వను ఏమనలే, అన్నను ఏమనలే.

పండుకొనే కాళ్ళు ఎత్తించున్రి, మంచంలనే కూసోవెట్టున్రి, గుడ్డు పాలు ఇయ్యున్రి అని చెప్పిపోయింది. చెప్పేటప్పుడు ఆమె గొంతుల మొదటిసారి ఉన్న గట్టితనం లేదు. నెల రోజులు చేసిన. మడిమె జానెడు లేచింది, అంతే. ఒకనాడు బాపు ఇగ చాలన్నడు. నా చెయ్యి తోసెయ్యలే ఈసారి. తోసే బలం లేదు. కండ్లు మూసుకున్నడు.

దసరా దాటినంక ఎనుక వరుసల ఉండే రాజయ్య వచ్చిండు. ఆయన కూడ కోల్‌ఫిల్లరే. ఆయన భార్య బాలలక్ష్మి గడప కాడ నిలబడ్డది. తోమాసుకు నౌకరి వచ్చిన తీరు తెలుసుకోవాలని వచ్చిన్రు. వాళ్ళకు ముగ్గురు ఆడబిడ్డలెనుక ఒక కొడుకు. అన్న కుర్చీ వేసి, బోర్డు ఎట్ల పిలుస్తది, ఏమడుగుతది అన్నీ చెప్పుకొచ్చిండు. రెండు నెలలని చెప్తరు గని నమ్మకు కాకా, ఐదు పట్టుకో అన్నడు. అన్న గొంతుల అనుభవం ఉన్నోని ధీమా. ఆ అనుభవం ఎవ్వలిదో ఆయనకు పట్టలే.

నేను చెయ్యాలనుకున్న పని అది. నేనే చెప్పాలె, వద్దు కాకా అని. గడప కాడ బాలలక్ష్మి పక్కనే నిలబడి ఉన్న. ఆమె కొంగు నా చేతికి తాకుతుంది. నేను చెప్పలేనిది బాపు చెప్పిండు.

"రాజయ్యా," అన్నడు. "జర నన్ను లేపి చూడు."

రాజయ్య మొదట పరాచికమనుకొని అన్న దిక్కు చూసిండు. బాపు మళ్ళ అన్నడు. రాజయ్య వంగి, చంకల కింద చేతులు వేసి లేపిండు. దుప్పటి జారిపోయింది. కాళ్ళు రెండు కట్టెల లెక్క వేలాడినయి. పాదాలు నేలకు తాకినా నేలను పట్టుకోలే. రాజయ్య ఎంతసేపు పట్టుకున్నడో తెల్వదు. ఆయన ఊపిరి మాకు వినవడ్డది. తర్వాత చిన్న పిలగాన్ని పండవెట్టినట్టు మెల్లగ పండవెట్టి దుప్పటి కప్పిండు.

"చూసినవా," అన్నడు బాపు.

రాజయ్య చూసిన అని తలూపిండు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, తువ్వాలతోని తుడుచుకున్నడు. బాలలక్ష్మి గడప కాడి నుంచి, మావోనికి వచ్చే ఉగాదికి ఇరవై ఏడు పడ్తయి అన్నది, ఎవ్వలితోనో కాకుండ. రాజయ్య తువ్వాల భుజం మీద వేసుకొని మంచం పట్టె మీద చెయ్యి పెట్టి జర ఊపి చూసిండు. పోతడనుకున్న. పోలే.

"అన్నా," అన్నడు మెల్లగ. "నువ్వు పన్నది నులక మంచం మీదనేనా, నవారుదా?"

బాపు ఆయన దిక్కు కొద్దిసేపు చూసిండు.

"నులకదే," అన్నడు.